అడుగు నల్ల బురద: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

మూలం

అడుగు నల్ల బురద కంటక తేలుచు
గాలి మెల్ల మెల్లగాను విడిచి
పుల్ల చూపుచోటఁ బొంచిన గోరంత
జంతువరయువాఁడె జాణ సుమ్ము

అవతారిక

ఈ పద్యం ఎవరిదో తెలియదు. ఇండోనేషియాలోని సులవేసి దీవి ఈశాన్యపు కొసన, లెంబె జలసంధి ఒడ్డున, ఒకానొక డైవింగ్ రిసార్టు అతిథుల పుస్తకంలో దొరికింది. జర్మన్లు పొదుపుగా, అమెరికావాళ్ళు ధారాళంగా, జపానువాళ్ళు బొమ్మలతో సహా తమ ఆనందాన్ని వెలిబుచ్చిన ఆ పుస్తకంలో ఒక తెలుగువాడు నాలుగు పాదాలు గీకి, సంతకం చేయకుండా విమానం ఎక్కేశాడు. అరసున్నలు పెట్టాడు గనుక చదువుకున్నవాడే. 'జాణ సుమ్ము' అన్నాడు గనుక ఆ చదువు పాతకాలపుది. అంతకు మించి కవి కులగోత్రాల గురించి చెప్పడానికి ఆధారాల్లేవు.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ మహాకావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మన మెతుకుసీమ కొలిచెలమవాడు. ఆ మాటలో మొదటి సగాన్ని నేనూ నిలబెట్టుకుంటాను. రెండో సగానికి పూచీ లేదు.

ఇక సందర్భం. బితుంగ్ రేవుపట్టణానికి ఎదురుగా ఉన్న పొడవాటి దీవి పేరు లెంబె. దీవికీ సులవేసి గట్టుకూ నడుమ కిలోమీటరో రెండు కిలోమీటర్లో వెడల్పున్న నీటిపాయే లెంబె జలసంధి. హైదరాబాదు నుంచి బయల్దేరినవాడు సింగపూరు మీదుగా మనాడోలో దిగి, అక్కణ్ణుంచి కారులో గంటా గంటన్నర వెళితే వస్తుంది. మనాడో ఊరికి ఎదురుగానే బునాకెన్ ఉంది. నిట్టనిలువు పగడపు గోడలు, తాబేళ్ళు, తేటనీళ్ళు. బుద్ధున్నవాడెవడైనా అక్కడే ఆగిపోతాడు. ఆగకుండా, దాన్ని వెనక్కి వదిలేసి, ఓడలు తిరిగే రేవు పక్కన బురదలో దూకడానికి డబ్బు కట్టి వచ్చినవాణ్ణి ఉద్దేశించి చెప్పిన పద్యమిది. అందుకే ఇందులో పగడమన్న మాట లేదు, చేపన్న మాట లేదు, ఆఖరికి నీళ్ళన్న మాటైనా లేదు.

ప్రతిపదార్థం

అడుగు = సముద్రపు అడుగున ఉండే; నల్ల బురదకు = నల్లని బురద ఇసుకకు; అంటక = ఒంట్లో ఏ భాగాన్నీ, ముఖ్యంగా మోకాళ్ళను, తగలనీయక; తేలుచు = కిందికి దిగకా పైకి లేవకా నిలిచి; గాలి = సిలిండరులోంచి పీల్చిన గాలిని; మెల్ల మెల్లగాను = ఆత్రపడకుండా; విడిచి = వదిలి; పుల్ల = సన్నని స్టీలు కడ్డీ; చూపుచోటన్ = చూపించే తావులో; పొంచిన = ఉండీ లేనట్టున్న; గోరంత = గోరుకు మించని; జంతువు = ప్రాణిని; అరయువాఁడె = కనిపెట్టగలవాడు మాత్రమే; జాణ = నేర్పరి; సుమ్ము = సుమా.

తాత్పర్యం

అడుగున ఉన్న నల్లబురదను తాకకుండా తేలుతూ, ఊపిరి నిదానంగా వదులుతూ, పుల్ల చూపించిన చోట దాక్కున్న గోరంత ప్రాణిని కనిపెట్టగలిగినవాడే నేర్పరి. తక్కినవాళ్ళు 'ఏదీ?' అని సైగ చేసేవాళ్ళు.

విశేషాలు

పద్యం నగణంతో మొదలైంది, శుభం. 'అడుగు'లో మూడూ లఘువులే. డైవరుకు కావలసిందీ లఘుత్వమే గాని, లఘువు నీళ్ళలో దిగదు. ఒంటికి పట్టిన సూటు రబ్బరులో చిన్నచిన్న గాలిబుడగలు ఉంటాయి. అవి మనిషిని పైకే నెడతాయి. అందుకని నడుముకు సీసం బిళ్ళలు కట్టి దింపుతారు. సీసపద్యం ముగిశాక ఆటవెలదో తేటగీతో రావాలన్నది మన ఛందస్సులో నియమం. మరి ఈ ఆటవెలదికి ముందుండవలసిన సీసమేదని నిలదీసే పండితులకు జవాబు: అది కవి నడుముకు ఉంది.

'నల్ల బురద' అన్నది నింద కాదు, శాస్త్రీయమైన మాట. ఈ తీరానికి దగ్గర్లో తంకోకో, దువా సౌదారా అగ్నిపర్వతాలున్నాయి. అవి ఒకప్పుడు కక్కినది నలిగి నలిగి నల్ల ఇసుకైంది. ఇలాంటి చోట్ల మునగడానికి 'మక్ డైవింగ్' అని పేరు. పాపువా న్యూ గినీలో డైవింగ్ నడిపిన బాబ్ హాల్‌స్టెడ్ ఆ పేరును వాడుకలోకి తెచ్చాడని చెబుతారు. పేరు పెట్టినవాడు అందులో కాస్త వెక్కిరింత కూడా కలిపాడేమో గాని, అది ఇప్పుడు పెద్ద వ్యాపారం. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ రెండు దేశాల్లోనూ కలిపి ఏటా 15 కోట్ల డాలర్లకు పైగా దీని మీద నడుస్తోందనీ, లక్షమందికి పైగా డైవర్లు దీనికోసమే వస్తున్నారనీ 2017లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. బురద మీద ఇంత రాబడి మన వ్యవసాయంలో ఏ కాలంలోనూ లేదు.

ఇక్కడొక ఆక్షేపం. రంగురంగుల పగడాలు లేవు, గుహలు లేవు, పైగా రేవు నుంచి కొట్టుకొచ్చిన సీసాలు, తాళ్ళు, టైర్లు. ఇలాంటి చోట లోకంలో మరెక్కడా సులభంగా దొరకని జీవులు ఎందుకు చేరాలి? సమాధానం ఆ ఆక్షేపంలోనే ఉంది. పగడపు దిబ్బలో ప్రమాదమొస్తే చేప ఏదో ఒక సందులో దూరుతుంది. బట్టబయలు ఇసుకలో సందు ఏదీ? అందుకని ప్రతి జీవీ తన దాపరికాన్ని తానే మోసుకు తిరగాలి. కొన్ని ఇసుకలో పూడుకుంటాయి. కొన్ని వేరొకటిగా మారిపోతాయి. కొన్ని విషం నింపుకుని, 'ఉన్నాను, ముట్టుకుంటే చస్తావు' అని రంగుల్లో ప్రకటించుకుంటాయి. నీలి వలయాల ఆక్టోపస్ ఆ తెగది. జలసంధి గుండా వచ్చే ప్రవాహాలు తిండి మోసుకొస్తాయి గనుక ఆకలి బాధ లేదు. ఉన్న బాధల్లా తాము ఎవరికో తిండి కాకుండా చూసుకోవడమే.

కొన్ని ఇల్లు మోసుకు తిరుగుతాయి. కొబ్బరి ఆక్టోపస్ అని ఒకటుంది. పిడికిట్లో పట్టేంత శరీరం, దాని మీద ఎర్రటి నరాల గీతలు. అడుగున దొరికిన కొబ్బరిచిప్పలోని ఇసుకను నీటిజల్లుతో ఊది శుభ్రం చేసుకుంటుంది. రెండు చిప్పలుంటే ఒకదానిలో ఒకటి పేర్చి, బోర్లించకుండా వెల్లకిలా పెట్టి, వాటి మీద కూర్చుంటుంది. తర్వాత చేతులను అంచు మీదుగా కిందికి దించి, బిగదీసి, మునివేళ్ళ మీద నిలబడ్డట్టు లేచి, చిప్పలను పొట్ట కింద ఇరికించుకుని ఇసుక మీద నడిచిపోతుంది. నడక చూస్తే నవ్వాగదు. నవ్వితే మాస్కులోకి నీళ్ళొస్తాయి. ప్రమాదం ఎదురైనప్పుడు రెండు చిప్పలనూ తలుపుల్లా మూసుకుని లోపల కూర్చుంటుంది. ఈ వ్యవహారాన్ని జూలియన్ ఫిన్, టామ్ ట్రెగెంజా, మార్క్ నార్మన్ ఉత్తర సులవేసిలోనూ బాలిలోనూ గమనించి 2009లో ప్రకటించారు. రేపటి అవసరం కోసం ఇవాళ బరువు మోయడాన్ని పనిముట్టు వాడకంగానే లెక్కించాలని వాళ్ళ వాదం. వెన్నెముక లేనివాటికి ఇంత ముందుచూపు ఉంటుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

అదే ఆక్టోపస్ ఇప్పుడు ప్లాస్టిక్ కప్పుల్లోనూ గాజు సీసాల్లోనూ కాపురముంటోంది. చెత్తలోనే అద్భుతముంది గనుక చెత్త మంచిదేనని వాదించే అతిథులు ప్రతి రిసార్టు భోజనాల బల్ల దగ్గరా ఒకరైనా ఉంటారు. ఆ వాదం నిలవదు. కొబ్బరిచిప్ప కొన్నాళ్ళకు కుళ్ళి మట్టిలో కలుస్తుంది, కప్పు కలవదు. కవి 'బురద' అన్నాడు గాని 'చెత్త' అనలేదు. ఆ విచక్షణ గమనించాలి.

'బురద కంటక' అన్నచోట 'బురదకు + అంటక' అని విడదీయాలి. అడుగు–అంటక స్వరయతి కూడా అప్పుడే కుదురుతుంది. 'కంటకము' అంటే ముల్లు గనుక 'బురదలోని ముళ్ళ మీద తేలుచు' అని ఒక కుర్ర వ్యాఖ్యాత అర్థం చెప్పాడు. వ్యాకరణం ఒప్పదు. అయితే ఆ నల్లబురద మీద గుంపులు గుంపులుగా ఉండే నల్లటి సముద్రపు ముళ్ళకాయలను, వాటి జానెడేసి ముళ్ళను, ఇసుకలో సగం పూడుకుని ముళ్ళలో విషం పెట్టుకున్న చేపలను చూసినవారు అతన్ని మరీ కోప్పడరు.

అంటకపోవడం మన కాళ్ళ క్షేమం కోసమేనా? అంతే అయితే కవి దాన్ని మొదటి పాదంలో పెట్టడు. రెక్కల్లాంటి ఫిన్నులు ఒక్కసారి కిందికి కొడితే బురద లేచి, వెనక వచ్చే వాళ్ళకు నిమిషాల తరబడి ఏమీ కనిపించదు. అసలు ముట్టకూడనివి అడుగున ఉన్న జీవులు. ఫొటోకు ముఖం ఇటు తిప్పలేదని పుల్లతో నెట్టడం, కూర్చున్న చోటు నుంచి లేపి మంచి రంగున్న చోట కూర్చోబెట్టడం, ఈ పాపాలు జరుగుతూనే ఉంటాయి. ఫ్లాషు వెలుగే వీటిని బాధిస్తుందని చాలామంది అనుకునేవారు. మార్టెన్ డి బ్రౌవర్ బృందం 2019లో ప్రకటించిన పరిశోధనలో ఫ్లాషు కన్నా ఇలా ముట్టి కదిలించడమే ఎక్కువ కలత పెడుతున్నట్టు తేలింది. దోషం దీపానిది కాదు, వేలిది. చాలా రిసార్టులు ముట్టవద్దని గోడ మీద రాసిపెడతాయి. ఆ గోడ నీళ్ళ బయట ఉంటుంది.

'గాలి విడిచి' అన్నాడు గాని 'పీల్చి' అనలేదు, 'పట్టి' అసలే అనలేదు. ప్రాణాయామంలో పూరకం, కుంభకం, రేచకం మూడు. కవి రేచకం ఒక్కటే ఎందుకు చెప్పాడు? నీటిలో పది మీటర్లకు ఒక వాతావరణం చొప్పున పీడనం పెరుగుతుంది. ఒడ్డున ఒకటి, పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై దగ్గర మూడు. ఇరవై మీటర్ల లోతున తీసే ప్రతి ఊపిరికీ సిలిండరు ఒడ్డున ఇచ్చేదానికి మూడింతలు ఇచ్చుకోవాలి. ఆ గాలిని లోపల బిగబట్టి పైకి లేచామా, పీడనం తగ్గినకొద్దీ అది ఉబ్బి ఊపిరితిత్తుల్ని చించేస్తుంది. కుంభకంలో ఆరితేరినవారు ఆ విద్యను పడవలోనే విడిచి దిగాలి. పైగా ఊపిరే ఇక్కడ లిఫ్టు: పీలిస్తే జానెడు పైకి, వదిలితే జానెడు కిందికి. అందుకే 'తేలుచు' పక్కనే 'గాలి' వచ్చింది. ఇది యాదృచ్ఛికం కాదు.

'విడిచి' క్త్వార్థకం, అంటే ఒక పని అయ్యాక మరో పని రావాలన్న ఆకాంక్ష అందులో ఉంది. రిసార్టులో కాపురమంతా క్త్వార్థకమే. లేచి, తిని, మునిగి, తేలి, తుడుచుకుని, మళ్ళీ మునిగి, అన్నం తిని, మూడోసారి మునిగి, చీకటి పడేవేళ మాండరిన్ చేపల జంట పొట్టకు పొట్ట ఆనించి పగడపు రాళ్ళ మీంచి ఒక్క క్షణం పైకి లేచే సరసాన్ని టార్చి తగ్గించి చూసి, స్నానం చేసి, ఆ రోజు చూసినవాటి పేర్లు పుస్తకాల్లో వెతికి. సమాపక క్రియ నిద్ర. ఇంత మునకకూ భోజనం సాటి రావాలి కదా! మనాడో ప్రాంతపు వంట మనవాళ్ళ నాలుకకు పరాయిది కాదు. పొగబెట్టిన చకలాంగ్ చేప, పక్కన దబు-దబు అనే పచ్చడి: పచ్చిమిరప, చిన్న ఉల్లి, టమాటా తరిగి నిమ్మరసం పిండినది. తక్కిన దేశాలవాళ్ళు దాన్ని చెంచా కొసతో ముట్టి నీళ్ళ కోసం చూస్తారు. కవి ఆ గిన్నెను తన వైపు లాక్కుని ఉంటాడని నా నమ్మకం. మూలంలో లేదు, నిజమే.

ఆఖరి రోజు మునక ఉండదు. రోజుల తరబడి మునిగినవారి ఒంట్లో కరిగిన నత్రజని బయటికి పోవడానికి కనీసం 18 గంటలు విమానం ఎక్కకుండా ఆగమంటారు. చేతిలో పని లేదు, బల్ల మీద అతిథుల పుస్తకం ఉంది. పద్యరచనకు నిమిత్తం ఇదే అయి ఉండాలి. అలాగైతే ఇది నత్రజని ప్రసాదించిన కవిత్వం.

'పుల్ల చూపుచోట' అన్నదానికి 'ఫ్లాషు వెలుగుచోట' అని ఒక పాఠాంతరం ప్రచారంలో ఉంది. కెమెరాలవాళ్ళు దిద్దిందని స్పష్టం. గణాలు సరిపోయాయి గాని 'బొంచిన'తో యతి చెడింది. అర్థం అంతకన్నా చెడింది. ఫ్లాషు వెలిగేసరికి జంతువు ఎక్కడుందో తెలిసిపోయి ఉండాలి, ఇక అరయడమేమిటి?

పుల్ల మూరెడు కూడా ఉండదు. దానితో సిలిండరు మీద ఠంగుమని కొడితే 'ఇటు రా' అని. ఇసుకలో గుచ్చి పట్టుకుంటే ప్రవాహానికి కొట్టుకుపోకుండా ఒంటివేలి ఆసరా. కొస చూపిస్తే అక్కడ ఏదో ఉందని. ఈ వాక్యంలో పుల్ల కర్త స్థానంలో కూర్చుంది. పుల్ల అచేతనం గదా, తానై ఎలా చూపుతుంది? పట్టుకున్న చెయ్యి ఒకటుండాలి, ఆ చెయ్యి గల మనిషి ఒకడుండాలి. కవి అతన్ని చెప్పలేదు. ఆ కర్తను మనమే అధ్యాహారం చేసుకోవాలి. వాక్యంలో కర్త లోపించడం సామాన్యమైన విషయమే గాని, ఈ లోపం మీదే పద్యార్థమంతా ఆధారపడి ఉందని ముందుముందు తేలుతుంది.

'పొంచిన' అన్నచోట అలంకారం మీలితం. ఒక వస్తువు మరో వస్తువుతో పోలిక వల్ల అందులో కలిసిపోయి వేరుగా తెలియకపోతే మీలితమనీ, ఆ తేడా ఏదో కారణం వల్ల బయటపడితే ఉన్మీలితమనీ అప్పయ్య దీక్షితులు కువలయానందంలో చెప్పాడు. ఆలంకారికులు దీనికి ఉదాహరణలుగా ఎంతసేపూ వెన్నెట్లో తెల్లచీర కట్టిన అభిసారికలనే పంపేవారు. వాళ్ళకు లెంబె తెలిసుంటే ఆ ఆడవాళ్ళకు రాత్రిపూట ఆ తిరుగుడు తప్పేది. వెంట్రుకల కప్పచేపను చూడండి. ఒళ్ళంతా నాచులాంటి పోగులు, కదలిక లేదు. నెత్తి మీద ఒక కాడ, దాని కొసన పురుగు ఆకారంలో ఎర. ఆ ఎరను ఆడిస్తుంది. చిన్నచేప దగ్గరికొస్తే నోరు తెరిచి మింగడానికి సెకనులో నూరోవంతు కూడా పట్టదు. ఎదురుగా ఉన్నా చూడలేం. ఉన్నది చేప, కనిపించేది నాచు. ఇది మీలితమైతే, మిమిక్ ఆక్టోపస్ భ్రాంతిమంతం. చేతులన్నీ ఒకచోటికి చేర్చి ఇసుకను ఆనుకుని ఈదితే నాలుకచేప, విరజిమ్మితే ముళ్ళ సింహచేప, ఆరు చేతులు బొరియలో దోపి రెండు చేతులు చెరోవైపు చాపితే చారల సముద్రపు పాము. 1998లో ఈ సులవేసి నీళ్ళలోనే అది మొదట శాస్త్రజ్ఞుల కంటబడింది, 2005లో గాని శాస్త్రీయ నామం రాలేదు. మధ్య ఏడేళ్ళు ఏ వేషంలో తిరిగిందో.

'గోరంత' అతిశయోక్తి కాదు, కొలత. పిగ్మీ సముద్రగుర్రం పొడవు రెండు సెంటీమీటర్ల చుట్టుపక్కల. గోర్గోనియన్ అనే విసనకర్ర పగడం కొమ్మకు తోక చుట్టుకుని ఉంటుంది. ఆ కొమ్మ గులాబీ రంగు, మీద ఎర్రటి బొడిపెలు. దాని ఒళ్ళు గులాబీ రంగు, మీద ఎర్రటి బొడిపెలు. దాన్ని మొదట కనిపెట్టిన వైనం వినదగ్గది. 1969లో న్యూ కలెడోనియాలో జార్జ్ బార్జిబాంట్ అనే ఆయన నూమియా అక్వేరియం కోసం ఆ పగడాన్ని కోసి తెచ్చి, బల్ల మీద పెట్టి పరీక్షిస్తుంటే అందులోంచి సముద్రగుర్రం బయటపడింది. సముద్రంలో దాన్ని ఎవరూ చూడలేదు. మరుసటి ఏడు గిల్బర్ట్ విట్లీ దానికి బార్జిబాంట్ పేరే పెట్టాడు.

గైడు పుల్ల ఆ విసనకర్ర కొమ్మకు బెత్తెడు దూరంలో ఆగుతుంది. చూస్తాం. బొడిపెలు. ఇంకా చూస్తాం. ఇంకా బొడిపెలు. గైడు భూతద్దం అందిస్తాడు. బొడిపెల్లో ఒకదానికి చిన్న నల్ల చుక్క ఉంది, అది కదిలింది. కన్ను! కన్ను దొరికాక మూతి దొరుకుతుంది, మూతి దొరికాక గర్భంతో ఉబ్బిన పొట్ట. సముద్రగుర్రాల్లో పిల్లల్ని మోసేది మగదే గనుక అది తండ్రి. ఈలోగా ఊపిరి వదలడం మరిచి జానెడు పైకి లేస్తాం. మళ్ళీ దిగేసరికి మళ్ళీ అన్నీ బొడిపెలే.

ఈ గోరంతదాని కోసం వచ్చేవాళ్ళ కెమెరా సామాను కొండంత. రిసార్టులో పడకగదుల కన్నా కెమెరా గదికి మర్యాద ఎక్కువ. ఒక్కొక్కరికి ఒక్కొక్క బల్ల, తెల్లని తువ్వాలు, దీపం, నీటిచుక్కలు ఊదడానికి గాలిగొట్టం. తెల్లవారుజామునే ఒకాయన కెమెరా పెట్టె మూతకుండే రబ్బరు ఓ-రింగును దీపం ముందు పట్టుకుని, వేళ్ళ మధ్య జపమాలలా తిప్పుతూ, వెంట్రుకలో నలుసో ఉందేమోనని వెతుకుతుంటాడు. ఉంటే ఆ సందు గుండా ఉప్పునీరు దూరి కెమెరా చస్తుంది. తీసి, తుడిచి, చిటికెడు గ్రీజు రాసి, మళ్ళీ దీపం ముందు పెడతాడు. వెంట్రుకను అంత శ్రద్ధగా అరయగలిగినవాడు నీళ్ళలో కప్పచేపను చూడలేక గైడు భుజం తడతాడు.

ఇక అసలు వివాదం. 'జాణ' ఎవరు?

అతిథి అని ఒక పక్షం. పుల్ల గైడుది, చూడవలసినవాడు అతిథి. కాబట్టి చూసిన అతిథే జాణ. పోటీల్లో బహుమతి వచ్చిన ఫొటోల కింద ఉండేది అతని పేరే. ఈ పక్షంలో ఉన్నవాళ్ళు ఎక్కువమంది, డబ్బు కట్టినవాళ్ళు గనుక.

రెండో పక్షం విచిత్రమైంది. 'జంతువరయువాఁడు' అంటే జంతువును అరయువాడనే ఏల? జంతువు తానే అరయువాడు, అంటే జంతువు ఎవర్ని చూస్తుందో వాడు అని కూడా తెలుగు ఒప్పుకుంటుంది. ఈ మాటకు బలంగా వాళ్ళు మాంటిస్ రొయ్యను సాక్ష్యానికి తెస్తారు. మనిషి కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలు, దాని కంట్లో పన్నెండు దాకా. కాడల మీద నిలబెట్టిన రెండు కళ్ళనూ చెరో దిక్కుకు తిప్పి, బొరియలోంచి అది మనల్ని పరిశీలిస్తున్నప్పుడు చూస్తున్నదెవరో చూడబడుతున్నదెవరో నిజంగానే సందేహం వస్తుంది. ముచ్చటైన పక్షం. కాని అప్పుడు పుల్లతో పనిలేదు. పుల్ల చూపించకముందే అది మనల్ని చూసేసింది. మూడో పాదం వ్యర్థమవుతుంది గనుక ఇది గ్రాహ్యం కాదు.

సిద్ధాంతం. తేలుచు, విడిచి, అరయు: ఈ మూడు పనులకూ కర్త ఒకడే కావాలని వ్యాకరణం. బురద రేగకుండా తేలేదెవరు? అతిథి మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు అతని తలమీదుగా, ఫిన్ను కొస మాత్రం కదిపి నిలిచి ఉన్న గైడు. గాలి మెల్లగా వదిలేదెవరు? అతిథి సిలిండరు 50 బార్‌కు పడి పైకి పోవలసి వచ్చేవేళకు తన దాంట్లో సగం మిగుల్చుకున్న గైడు. ఇక అరయడం సంగతి. పుల్ల చూపినచోట చూడటం రెండో చూపు. మొదటి చూపు పుల్ల చూపకముందే అయిపోయింది. లేకపోతే పుల్ల అక్కడికి రానే రాదు. అధ్యాహారం చేసుకొమ్మన్న ఆ చేతిగలవాడే నాలుగో పాదంలో 'వాఁడె'గా తిరిగి వచ్చాడు. 'నేను' అనకుండా, 'నీవు' అనకుండా ప్రథమపురుషలో 'వాఁడు' అనడం, పైన అవధారణార్థకమైన ఎకారం చేర్చి తక్కిన ఇద్దర్నీ తోసేయడం, రెండూ దీనికే.

లోకంలో దీనికి ప్రమాణముంది. బునాకెన్ ప్రాంతంలో హెన్స్ పొంటో అనే డైవింగ్ గైడు, విసనకర్ర పగడాల మీద కాకుండా నాచు గుబుర్లలో ఉండే మరో జాతి బుల్లి సముద్రగుర్రాన్ని పరిశోధకుల దృష్టికి తెచ్చాడు. 2008లో సారా లౌరీ, రూడీ కుయిటర్ దాన్ని వర్ణిస్తూ హిప్పోక్యాంపస్ పొంటోహి అని అతని పేరే పెట్టారు. శాస్త్రగ్రంథాల్లో గైడు పేరు ఎక్కడం అరుదు. ఫొటో కింద పేరు ఉండటం అంతకన్నా అరుదు. కవి కూడా తన గైడు పేరు రాయలేదు. అతని పేరు ఈ కవికి తెలిసే ఉంటుంది; రోజూ ఒకే పడవలో వెళ్ళారు కదా. ఆటవెలదిలో పట్టలేదనుకుందాం.

'సుమ్ము' నిశ్చయార్థకం. ఎవరితో అంటున్నట్టు? పద్యంలో సంబోధన లేదు. భోజనాల బల్ల దగ్గర 'ఇంత ఖర్చు పెట్టి వచ్చి, పొద్దుట్నుంచీ చూసింది బురదే కదండీ' అన్న భార్యతో అని కొందరు. ముళ్ళకాయల మధ్య కనిపించిన బంగ్గాయి కార్డినల్ చేపను ఫొటో తీసుకుని, అది వేరే దీవుల నుంచి అక్వేరియం వ్యాపారంలో ఇక్కడికొచ్చి పడిందని తెలిసి నీరసపడిన పక్క గది ఆయనతో అని ఇంకొందరు. ఆఖరి పాదంలో ఒక గణం తక్కువైతే పూరించడానికి వేశాడని మూడో పక్షం. మూడోదే నిలుస్తుంది.